ఒంటిగంటన్నరకు ఆగిపోయే ఫ్రిజ్

మండపేటలో మిల్లుల రోడ్డు దాటి ఎడమవైపు తిరిగితే వచ్చే వీధిలో, అన్నపూర్ణమ్మగారింటి ఫ్రిజ్‌ని అప్పటికే ముగ్గురు మెకానిక్కులు చూసి వెళ్లారు. మొదటివాడు కంప్రెసర్‌ని లేపే రిలే మార్చాడు. రెండోవాడు థర్మోస్టాట్ మార్చి, పనిలో పనిగా పాత స్టెబిలైజర్ దండగని పీకి పక్కన పడేశాడు. మూడోవాడు స్క్రూ డ్రైవర్ బయటికి తియ్యకుండానే కంప్రెసర్ పోయిందని, ఈ ఫ్రిజ్‌కి కొత్త కంప్రెసర్ వెయ్యడం కంటే కొత్త ఫ్రిజ్ కొనుక్కోవడం మేలని తేల్చేశాడు. నాలుగో మనిషిగా ఆ గుమ్మం ముందు స్కూటీ ఆపిన పావనికి ఈ సంగతులేవీ తెలియవు. కంప్లైంటు చూడటానికి ఒక్కతే రావడం ఆమెకి అదే మొదటిసారి.

పావని రాజమండ్రిలో ఒక కంపెనీ కస్టమర్ కేర్‌లో ఏడేళ్లు ఫోన్లెత్తింది. ఫ్రిజ్ చల్లబడట్లేదని, ఏసీ నీళ్లు కారుస్తోందని, డీప్ ఫ్రిజ్‌లో మంచు కొండలా పేరుకుందని రోజుకి నూరుమంది చెప్పుకునేవాళ్లు. ఎదురుగా ఉన్న కాగితంలో చూస్తూ ఆమె అవే ప్రశ్నలు అడిగేది. గోడకి ఆనించి పెట్టారా, తలుపు రబ్బరు అతుక్కుంటోందా, వేడి గిన్నెలు లోపల పెడుతున్నారా. ఆ తర్వాత టెక్నీషియన్ వస్తాడని చెప్పి ఫోను పెట్టేసేది. ఆ వచ్చినవాడు ఏం చూశాడో, అసలు జబ్బేమిటో ఆమెకి ఎన్నడూ తెలిసేది కాదు. సగం చదివిన కథల్లా అవన్నీ మనసులో ఉండిపోయేవి. ఆ ఆఫీసు ఎత్తేసినప్పుడు తోటివాళ్లు మరో కాల్ సెంటరు వెతుక్కున్నారు. పావని మాత్రం ఫ్రిజ్‌ల పని నేర్పే ఆరునెలల కోర్సులో చేరింది. ఇంట్లోవాళ్లు నవ్వారు. నవ్వి ఊరుకున్నారు కూడా.

కోర్సయ్యాక మండపేట బస్టాండు దగ్గర రిపేరు షాపున్న వెంకటరాజు దగ్గర పనికి కుదిరింది. పది నెలలు ఆయన వెనకే తిరిగింది. ఆ వేళ పొద్దున్న కొవ్వూరులో ఒక చేపల వ్యాపారి కోల్డ్ రూము ఆగిపోయిందని ఆయనకి ఫోనొచ్చింది. వెళుతూ వెళుతూ, అన్నపూర్ణమ్మగారింటి చిరునామా రాసిన చీటీ పావని చేతిలో పెట్టి, నువ్వు చూసుకో అన్నాడు. అంతకు మించి ఒక్క మాటా చెప్పలేదు.

తలుపు తీసిన అన్నపూర్ణమ్మకి అరవై దాటాయి. పావనిని, ఆమె భుజాన ఉన్న పనిముట్ల సంచీని మార్చి మార్చి చూసింది.

"వెంకటరాజుగారు రాలేదామ్మా?"

"ఆయన కొవ్వూరు వెళ్లారండి. నేను చూస్తానండి."

"చూడు తల్లీ, చూడు. ఇప్పుడు చూస్తే నీకేం కనపడదు. ఇప్పటికే ముగ్గురొచ్చి రిలే అని, థర్మోస్టాట్ అని మార్చి, చివరికి కంప్రెసరే పోయిందన్నారు. ఎవరొచ్చినా వాళ్లున్నంతసేపూ బుద్ధిగా తిరుగుతుంది. మధ్యాహ్నం మా భోజనాలయ్యాక మొదలెడుతుంది దీని వేషాలు."

ఆమె చెప్పినట్టే ఫ్రిజ్ బుద్ధిగా తిరుగుతోంది. పావని వెనక జాలీ మీద దుమ్ము చూసింది, అంతగా లేదు. తలుపుకీ రబ్బరుకీ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగింది, బిగుతుగా ఉంది. కంప్రెసర్ మీద చెయ్యి ఆనించింది, ఉండాల్సినంత వేడే ఉంది. ప్లగ్గు దగ్గర మీటరు పెడితే రెండువందల ఇరవైఆరు వోల్టులు చూపించింది. పేరు పెట్టడానికి లేదు. కానీ పైఅరలో పాలు విరిగిన వాసన ఉంది. తలుపు అరలో ఇన్సులిన్ సీసాలు రెండున్నాయి. అవి అన్నపూర్ణమ్మ భర్త బుల్లిబాబుగారివి. ఆయన బట్టల కొట్టు కొడుక్కి అప్పగించి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఎండల్లో మందు పాడైపోతుందేమోనని భార్యాభర్తలిద్దరికీ రోజూ అదే బెంగ.

పావని ఫ్రిజ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ల నుంచి ఇలా అవుతోంది? రెండు వారాలుగా. ఎన్నింటికి ఆగుతుంది? ఒంటిగంటన్నర, అటూ ఇటూగా. మళ్లీ ఎప్పుడు తిరుగుతుంది? సాయంత్రం ఆరు దాటాక దానంతటదే. రోజూ ఇంతేనా? అన్నపూర్ణమ్మ ఆలోచించి, మొన్న ఆదివారం మాత్రం పన్నెండింటికే ఆగిపోయిందంది. ఆ మాట దగ్గర పావని చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆదివారమని ఫ్రిజ్‌కెలా తెలుస్తుంది? కంప్రెసర్ పోతే అన్ని రోజులూ పోవాలి, అన్ని వేళలా పోవాలి. గడియారం చూసుకుని ఆగే జబ్బు ఫ్రిజ్‌లో ఉండదు.

ఏడేళ్లు ఫోనులో విన్న కథల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు.

"అమ్మగారూ, ఇది ఆగేదాకా నేనిక్కడే కూచుంటానండి" అంది.

రిపేరుకొచ్చిన మనిషి అలా కూర్చుంటాననడం అన్నపూర్ణమ్మ ఎప్పుడూ వినలేదు. అయినా, కూర్చున్న మనిషికి భోజనం పెట్టకుండా ఉండటం ఆ ఇంటి పద్ధతి కాదు. పన్నెండున్నరకి ముద్దపప్పు, ఆవకాయ, దోసకాయ కూర వడ్డించింది. పావని ఒక ముద్ద నోట్లో పెట్టుకోవడం, ఒక చెవి ఫ్రిజ్ వైపు పెట్టడం. బుల్లిబాబుగారు అది చూసి, మజ్జిగన్నా ప్రశాంతంగా తాగమని నవ్వాడు.

ఒంటిగంట దాటింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. భోజనాలు ముగించుకుని వీధిలో ఒక్కో ఇల్లూ కిటికీలు మూసుకుంటోంది, ఒక్కో ఇంటి వెనకా ఏసీ హోరు మొదలవుతోంది. ఒంటిగంటా ముప్ఫై ఆరు నిమిషాలకి ఫ్రిజ్ ఒక్కసారి కదిలి ఆగింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత కంప్రెసర్ లేవబోయింది. గుర్రుమని మూలిగి, ఆయాసపడి, టిక్కుమని ఆగిపోయింది. రెండు నిమిషాలకి మళ్లీ అదే మూలుగు, అదే టిక్కు.

పావని ఒక్క ఉదుటున లేచి మీటరు పెట్టింది. నూటయాభై ఒకటి.

చాలని కరెంటుతో కంప్రెసర్ లేవలేకపోతోంది, కాలిపోకుండా దాని పక్కనున్న ఓవర్‌లోడ్ స్విచ్చి టిక్కుమని ఆపేస్తోంది. అంటే రిలే మంచిదే, థర్మోస్టాట్ మంచిదే, పోయిందన్న కంప్రెసరూ నిక్షేపంలా ఉంది. వెంటనే ప్లగ్గు పీకించి, ఇదీ సంగతని చెప్పింది. బుల్లిబాబుగారు తేలిగ్గా తల పంకించాడు.

"మండువేసవిలో లోవోల్టేజీ మామూలేగా అమ్మా. అయితే ఆ పాత స్టెబిలైజరే మళ్లీ తగిలించేద్దాం."

అక్కడితో అయిపోయేదే. జబ్బు దొరికింది, మందూ దొరికింది. పావని మీటరు తీగలు చుట్టేసి సంచీలో పెట్టబోతోంది. అప్పుడు పెరటి గోడ అవతల నుంచి పక్కింటి లావణ్య పిలిచింది. లావణ్య ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"పిన్నిగారూ, మీ ఇంట్లో కూడా ఫ్యాన్లు ఇలాగే తిరుగుతున్నాయాండి? మాది ఊడి మీద పడేలా ఉంది."

అన్నపూర్ణమ్మ తలెత్తి తన ఫ్యాను వైపు చూసింది. అది నీరసంగా, రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతోంది.

పావని చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. లోవోల్టేజీ అయితే పక్కింట్లోనూ తక్కువే ఉండాలి. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలే నేల మీద పరుగున లావణ్య ఇంటికెళ్లింది. అక్కడ ఫ్యాను రివ్వుమంటోంది. ట్యూబులైటు కళ్లు చెదిరేంత తెల్లగా వెలుగుతోంది. గోడకున్న ప్లగ్గులో మీటరు పెట్టింది. రెండువందల ఎనభై ఎనిమిది. చూస్తుండగానే తొంభై దాటింది.

మీటరు తీసి మళ్లీ పెట్టి చూసింది, అంకె తగ్గలేదు.

వెంకటరాజు ఒకసారి టీ తాగుతూ చెప్పిన మాట ఆమెకి అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. వీధిలోకి కరెంటు మోసుకొచ్చే తీగలు మూడు, అంటే మూడు ఫేజులొస్తాయి, కొన్ని ఇళ్లు ఒకదాని మీద, కొన్ని మరోదాని మీద ఉంటాయి. ఆ కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే. మూడు ఎడ్లని ఒకే గుంజకి కట్టినట్టు. గుంజ గట్టిగా ఉన్నంతసేపూ ఎవరి తాడు వాళ్లది. గుంజ కదిలిపోయిందా, బలమున్న ఎద్దు అన్నిటినీ తన వైపు ఈడ్చుకుపోతుంది. కొన్ని ఇళ్లలో కరెంటు చచ్చిపోతుంది, కొన్ని ఇళ్లలో పిచ్చెక్కినట్టు పెరుగుతుంది.

ఆదివారం పన్నెండింటికే ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు అందరూ ఇళ్లలోనే ఉంటారు, ఏసీలు పెందలాడే మొదలవుతాయి. జబ్బు ఫ్రిజ్‌లో లేదు, ఇంట్లోనూ లేదు. ఎక్కడో స్తంభం మీద ఉంది. ఆ వీధిలోని పద్దెనిమిది ఇళ్ల మీదా ఉంది.

"లావణ్యగారూ, మెయిన్ ఆపేయండి. ఇప్పుడే. నేను చెప్పేదాకా వెయ్యకండి."

లావణ్య పరుగెత్తి మెయిన్ కిందికి దించింది. పావని అప్పటికే ఫోను తీసి ఆ వీధి లైన్‌మ్యాన్ వీరబాబుకి కలిపింది. నంబరు బుల్లిబాబుగారు గోడ అవతల నుంచి చెప్పాడు. వీరబాబు అన్నం తింటున్నాడు. ఎండల్లో లోవోల్టేజీ మామూలేనమ్మా, సాయంత్రం వస్తాలే అన్నాడు.

"ఒకింట్లో నూటయాభై ఉందండి. పక్కింట్లో రెండువందల తొంభై ఉంది" అంది పావని.

అవతల గిన్నె చప్పుడు ఆగిపోయింది. వీరబాబు గొంతు మారిపోయింది. తను నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నానని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై ఆపడానికి పది నిమిషాలైనా పడుతుందని, ఈలోగా అందరి చేతా మెయిన్లు ఆపించమని చెప్పాడు. ఆపించేటప్పుడు ఒక్క ఇల్లూ వదలద్దన్నాడు. కొందరు ఆపి కొందరు ఆపకపోతే ఆ మిగిలినవాళ్ల మీదే భారమంతా పడి ఇంకా పెరిగిపోవచ్చని హెచ్చరించాడు.

పది నిమిషాలు. పద్దెనిమిది ఇళ్లు. సగం మంది నిద్రల్లో ఉన్నారు.

వీధికి ఎడమ పక్క పావని, కుడి పక్క లావణ్య అందుకున్నారు. అరుగు మీద నుంచి అన్నపూర్ణమ్మ గొంతెత్తింది. ఆ గొంతు అంత దూరం పోతుందని నలభై ఏళ్లు కాపురం చేసిన బుల్లిబాబుగారికే తెలియదు. పేరుపేరునా పిలుస్తూ, మెయిన్లు ఆపండని అరుస్తూ, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆవిడే స్వయంగా వీధి చివరికి నడిచింది. తలుపులు తెరుచుకున్నాయి. కళ్లు నులుముకుంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెనక్కి పరుగెత్తి మెయిన్లు దించారు. ఏసీల హోరు ఒక్కొక్కటే ఆగిపోతుంటే పావనికి లోపల ఏదో పొంగుతోంది. ఎవరినీ ఎరగని వీధిలో అందరి తలుపులూ కొడుతోంది, అందరూ వింటున్నారు.

ఒక్క జీవరాజుగారు మాత్రం వినలేదు. ఆయనకి ఎరువుల కొట్టుంది, మేడ ఉంది, మేడ మీద వారం కిందట బిగించిన కొత్త ఏసీ ఉంది. మెట్ల మీద నిలబడి, ఫ్రిజ్ బాగుచెయ్యడానికొచ్చిన అమ్మాయికి వీధి కరెంటుతో పనేంటని అడిగాడు. నచ్చజెప్పడానికి పావనికి వ్యవధి లేదు. మీటరు ఆయన వరండాలోని ప్లగ్గులో పెట్టి, అంకె ఆయనకి కనబడేలా పట్టుకుంది. మూడువందల ఏడు. ఆ మాట ఆమె పైకి చదివేలోగానే వరండాలో బల్బు టప్పున పేలి గాజు పెంకులు నేల మీద పడ్డాయి. జీవరాజుగారు లోపలికెళ్లి మెయిన్ దించి వచ్చాడు.

అప్పుడే కాలిన వాసన వచ్చింది. ప్లాస్టిక్ కమురు వాసన. ఆయన ఇంటి నుంచి కాదు, ఆ పక్కనున్న తాళం వేసిన ఇంటి నుంచి. అది హేమశ్రీ అనే టీచరమ్మ ఇల్లు. భర్తతో కలిసి పెద్దాపురం మరిడమ్మ గుడికి మొక్కు తీర్చుకోవడానికి పొద్దున్నే వెళ్లింది. లోపల ఫ్రిజ్ ఆన్‌లో ఉండి ఉంటుంది, స్టెబిలైజరూ ఆన్‌లో ఉండి ఉంటుంది. వీధిలో ఒక్కో మెయినూ ఆగుతున్నకొద్దీ, వీరబాబు చెప్పినట్టే, ఆ పెరిగిన కరెంటు మిగిలిన ఈ ఇంటి మీద పడుతూ వచ్చింది.

పావని కిటికీ సందులోంచి చూసింది. గదిలో పొగ పల్చగా తీగలు సాగుతోంది.

"తాళం ఎవరి దగ్గరుందండి?"

జీవరాజుగారు అప్పటికే లోపలికి పరుగెత్తాడు. ఊరెళ్లినప్పుడల్లా హేమశ్రీ ఒక తాళంచెవి ఆయన భార్యకిచ్చి వెళుతుంది. కానీ భార్య పుట్టింట్లో ఉంది. మేకులకున్న తాళంచెవుల గుత్తులన్నీ ఆయన చేతులనిండా పట్టుకొచ్చాడు. ఏది ఏదో తెలియదు. మొదటిది దూరలేదు. రెండోది దూరింది, తిరగలేదు. పావని ఆయన చేతిలోంచి గుత్తి అందుకుంది. అయిదో తాళంచెవి తిరిగింది.

లోపల పొగ కళ్లలో పడి మండింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తలుపు పక్కనే ఉన్న మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి బలంగా కిందికి లాగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. వంటింటి గుమ్మం పక్కన ఫ్రిజ్, దాని నెత్తిన స్టెబిలైజర్, ఆ వెనకే కిటికీ పరదా. స్టెబిలైజర్ మూత కరిగి వంగిపోయింది. దానికి తగులుతున్న పరదా అంచు అరచేయంత మేర నల్లబడి, చివర ఎర్రగా రాజుకుంటోంది. జీవరాజుగారు పరదా గుప్పిట పట్టి ఒక్క లాగు లాగి, వీధిలోకి విసిరి కాలితో తొక్కాడు. పరదాతో పాటు కర్ర కూడా ఊడి వచ్చింది.

ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంకో పది నిమిషాలైతే ఏమయ్యేదమ్మా?" అన్నాడాయన.

"తెలీదండి" అంది పావని. నిజంగానే తెలియదు. ఆలోచించాలని కూడా లేదు. అయినా నవ్వొస్తోంది. ఎందుకు నవ్వొస్తోందో అర్థం కాక చేత్తో నోరు మూసుకుంది.

వీరబాబు తొమ్మిది నిమిషాల్లోనే వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై ఆపి, నిచ్చెన వేసుకుని మూడో స్తంభం ఎక్కాడు. రెండు వారాల కిందట గాలివానకి కొబ్బరిమట్టొకటి తీగల మీద పడిందని, దాన్ని తీసేశారు గానీ లోపల అతుకు వదులైన సంగతి పైకి కనబడలేదని కిందున్న జనానికి చెప్పాడు. న్యూట్రల్ అతుకు బొగ్గులా కాలి ఉంది. పొద్దున్న చల్లగా ఉన్నంతసేపూ ఎలాగో అంటుకుని ఉండేది. మధ్యాహ్నం ఏసీలన్నీ లాగేసరికి వేడెక్కి వదిలేసేది. కాలిన ముక్క కత్తిరించి పారేసి, కొత్త తీగతో రెండుచోట్ల బిగించాడు. దిగాక పావని దగ్గరికొచ్చి, అంకెలు రెండూ ఒకేసారి చెప్పావు కాబట్టి పరుగెత్తుకొచ్చాను, ఒక్కటే చెప్పుంటే అన్నం తినేవాణ్ణని ఒప్పుకున్నాడు.

నష్టం బొత్తిగా లేకపోలేదు. లావణ్య కుట్టుమిషను మోటారు పోయింది. ఒకరి టీవీ, ఇంకొకరి నీళ్ల మోటారు స్టార్టరు పోయాయి. హేమశ్రీ ఫోనులో విషయం విని ఏడ్చేసింది, ఆనక ఆమె భర్త ఫోనందుకుని ఆ అమ్మాయి ఎవరో కాస్త ఫోనివ్వండని అడిగాడు. పావని ఫోనందుకుంది. ఫ్రిజ్‌లోవి తీసి పక్కింట్లో పెట్టించానండి, మీరు నెమ్మదిగా రండి అని మాత్రం చెప్పింది.

మూడుంబావుకి కరెంటొచ్చింది. అందరూ ఒక్కసారే వెయ్యద్దని చెప్పి, పావని ఇల్లిల్లూ తిరిగి మీటరు పెట్టి చూసింది. రెండువందల ఇరవై, ఇరవైరెండు, పద్దెనిమిది. అన్నపూర్ణమ్మగారి ఫ్రిజ్ ప్లగ్గు ఆవిడ చేతే పెట్టించింది. కంప్రెసర్ మూలగకుండా, తడబడకుండా మెత్తగా లేచింది. అన్నపూర్ణమ్మ ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. బుల్లిబాబుగారు, పాడైనట్టు అనుమానం ఉన్న ఇన్సులిన్ వాడద్దని పావని చెప్పడంతో, కొత్త సీసాలు తెమ్మని కొడుక్కి ఫోను చేశాడు. మూడో మెకానిక్కు కొనమన్న కొత్త ఫ్రిజ్ కోసం అప్పటికే చూసి పెట్టిన బొమ్మల కాగితాలు మడిచి, అటక మీదకి విసిరేశాడు.

కొవ్వూరు నుంచి వెంకటరాజు తిరిగి వచ్చేసరికి అయిదున్నర. షాపు తాళం వేసే ఉంది. ఫోను చేస్తే పావని ఎత్తలేదు. మొదటి రోజే ఏం చిక్కులో పడిందోనని కంగారుగా ఆ వీధిలోకి వచ్చాడు. అరుగుల మీద జనం. బండి దిగీ దిగకముందే ఆయన చుట్టూ మూగి, ఎవరి వైపు నుంచి వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు బల్బు పేలిన దగ్గర మొదలెడితే, ఒకరు పరదా దగ్గర మొదలెట్టారు. జీవరాజుగారు మాత్రం అడ్డొచ్చి, ఉండండయ్యా, మొదట్నుంచీ నేను చెబుతానని, తను ఆ అమ్మాయిని ఏమన్నాడో దాచకుండా అక్కడి నుంచే మొదలుపెట్టాడు.

వెంకటరాజు అంతా విన్నాడు. విని, ఇంతకీ మనిషేదీ అని అడిగాడు.

పావని లావణ్య ఇంటి వంటగదిలో ఉంది. ఫ్రిజ్‌ని గోడ నుంచి జరిపి, దాని వెనక మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో జాలీ దుమ్ము దులుపుతోంది. అది అయ్యాక ఎదురింట్లో నీళ్లు కారే ఏసీ ఉంది, చివరింట్లో మంచు పట్టే డీప్ ఫ్రిజ్ ఉంది. వీధి వీధంతా ఈ వేళే చూడమని పట్టుబట్టింది. గుమ్మంలో ఆయన్ని చూడగానే లేచి, మొహాన మసితోనే, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"ఫ్రిజ్ మంచిదేనండి. ముగ్గురు చూసి పోయిన ఫ్రిజ్. అసలు దానికేం లేదండి."

వెంకటరాజు చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆమె సంచీలోంచి రెండో బ్రష్షు తీసుకున్నాడు.

"నువ్విది కానియ్యి. ఎదురింటి ఏసీ నేను చూస్తాను" అని వెళ్లాడు.